గుర్రుమనే కుక్కను కొట్టకండి

నేను పదవీ విరమణ చేయడానికి కొంతకాలం ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏడేళ్ళ బాలుణ్ణి అతని తాతగారు భుజాన వేసుకుని అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు. పై పెదవి చీలింది. చెంప మీద రెండు లోతైన పంటిగాట్లు ఉన్నాయి. కరిచింది వీధికుక్క కాదు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లోనే పెరుగుతున్న కుక్క. అన్నం తింటున్న కుక్క పక్కన పిల్లవాడు వంగాడట.

"చిన్నప్పుడు పళ్ళెం దగ్గరికి ఎవరు వెళ్ళినా గుర్రుమనేది డాక్టరు గారూ. కర్రతో నాలుగు తగిలించి ఆ అలవాటు మాన్పించాను. ఇవాళ ఏ చప్పుడూ లేదు. ఒక్కసారిగా పట్టేసింది" అన్నారు పెద్దాయన. ఆయన దృష్టిలో అది నమ్మకద్రోహం. నాకు మాత్రం ఆయన మాటల్లోనే రోగనిర్ధారణ వినిపించింది. కర్ర మాన్పించింది కరిచే గుణాన్ని కాదు, కరిచే ముందు హెచ్చరించే గుణాన్ని.

వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ పొరపాటు కొత్తది కాదు. ఉండుకం వాచినవాడికి కడుపునొప్పి వస్తుంది. వాపు ముదిరి అది పగిలినప్పుడు కొద్దిసేపు నొప్పి తగ్గినట్లు ఉండవచ్చు. రోగి హమ్మయ్య అనుకుంటాడు; అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. కుక్క గుర్రుమనడం కూడా ఒక లక్షణమే. దాని వెనుక భయమో, బాధో, తిండి లాక్కుంటారన్న అనుమానమో ఉంటుంది. కారణాన్ని అలాగే ఉంచి లక్షణాన్ని మాత్రం అణచివేయడం వైద్యం కాదు, శిక్షణా కాదు.

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. వేదాంగాలలో ఒకటైన శిక్ష ఉచ్చారణను నేర్పే శాస్త్రం. అదే మాట తెలుగు వాడుకలో దండనగా స్థిరపడింది. కుక్కల పెంపకంలో నేటికీ సాగుతున్న వివాదమంతా ఈ రెండు అర్థాల మధ్యనే ఉన్నది.

దండన పక్షానికి పాత చరిత్రే ఉన్నది. జర్మనీలో పోలీసు కుక్కలకు తర్ఫీదునిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లో వెలువరించిన గ్రంథం బలప్రయోగానికి పెద్దపీట వేసింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధనంలో ఉన్న తోడేళ్ళను పరిశీలించి, అవి ఆధిపత్యం కోసం నిత్యం పోరాడతాయని రాశారు. యజమాని మందకు నాయకుడిలా కుక్కను లొంగదీయాలన్న నమ్మకానికి ఇటువంటి రచనలే ఊతమిచ్చాయి. ఆ భావనను తన 1970 నాటి పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించి, 1999లో దానిని సవరించారు. సాధారణంగా తోడేళ్ళ మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ కలిసిన కుటుంబమే. నాయకత్వం అక్కడ కుస్తీపోటీలో గెలుచుకునే పదవి కాదు.

ఎదుటి పక్షం వాదనను తేలికగా కొట్టిపారేయను. భద్రతాదళంలో చాలాకాలం శునక శిక్షకులుగా పనిచేసిన నా మిత్రుడొకరు తరచూ అంటుంటారు: "బిస్కట్టు చూపిస్తేనే వినే కుక్క, చేతిలో బిస్కట్టు లేనప్పుడు వినదు. ఎదురుగా లారీ వస్తుంటే బేరాలు కుదరవు." ఇందులో సగం సత్యమున్నది. వచ్చినవారందరి మీదికి ఎగబడే కుక్కను చూసి "మావాడికి ప్రేమెక్కువ" అని మురిసిపోయే ఇళ్ళు నేనెరుగుదును. అది దయ కాదు, అశ్రద్ధ. కుక్కకు క్రమశిక్షణ కావలసిందే. పిలిస్తే రావాలి, ఆగమంటే ఆగాలి.

అయితే ఆ ఆగడం దెబ్బలవల్లనే వస్తుందా? 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ప్రవర్తనా సమస్యలతో తమ వద్దకు వచ్చిన కుక్కల యజమానులను ప్రశ్నించారు. కొట్టడమో తన్నడమో చేసినవారిలో 43 శాతం మంది, ఆ కుక్క తిరిగి దూకుడు చూపిందని చెప్పారు. అవి అప్పటికే సమస్యలున్న కుక్కలు గనుక ఈ అంకెను అన్ని ఇళ్ళకూ అన్వయించలేము. కాని సమస్య ఉన్న కుక్కనే కదా మనం కొట్టబోయేది! పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలపై జరిపిన అధ్యయనం 2020లో వెలువడింది. బహుమతులతో నేర్చుకున్నవాటికంటే, దండన ఎక్కువగా ఉండే పాఠశాలల కుక్కల లాలాజలంలో, శిక్షణ ముగిశాక, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎక్కువగా పెరిగింది. మెడకు విద్యుత్ ఘాతమిచ్చే పట్టీలను వేల్స్ 2010లోనే నిషేధించింది. మన దేశంలో జంతువులను కొట్టడం, తన్నడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇక ఇంట్లో మనం నిత్యం చేసే తప్పు మరొకటున్నది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చెప్పు కొరికి ఉంటుంది. కుక్క తల వంచుకుంటుంది. "తప్పు చేశానని దానికి తెలుసు" అని కొడతాము. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ దీనమైన చూపు తప్పు చేసినందుకు కాక యజమాని గద్దింపుకు వస్తున్నదని తేలింది. తప్పు చేయని కుక్క కూడా గద్దిస్తే అలాగే తల వంచింది. ఎప్పుడో కొరికిన చెప్పుకు ఇప్పుడు పడిన దెబ్బను కుక్క ముడిపెట్టుకోలేదు. మన రాకకే ముడిపెట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మరొకటి. భయంతో వచ్చిన విధేయత బలవంతుని ముందే పనిచేస్తుంది. ఆ ఇంటి కుక్క కర్ర పట్టిన తాతగారిని ఏనాడూ కరవలేదు. చేతిలో కర్ర లేని పసివాణ్ణి కరిచింది. దెబ్బ కొట్టేది పెద్దలు, ఫలితం అనుభవించేది పిల్లలు. అందుచేతనే దీనిని కుక్కల విషయంగా కాక ప్రజారోగ్య విషయంగా చూడమని కోరుతున్నాను. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బెత్తం లేకపోతే చదువు రాదన్నవారు అప్పుడూ ఉన్నారు.

మరి ఏమి చేయాలి? కుక్క గుర్రుమంటే పిల్లలను దూరంగా తీసుకువెళ్ళండి, కారణం వెతకండి. అకస్మాత్తుగా మొదలైతే పశువైద్యునికి చూపించండి. చెవిపోటు, కీళ్ళనొప్పి, పంటిబాధ ఉండవచ్చు. అన్నం ఎవరూ కదిలించని చోట పెట్టండి. చేయవలసిన పనిని చేసి చూపించి, చేసిన మరుక్షణమే మెచ్చుకోండి లేదా చిన్న ముక్క పెట్టండి. మీదికి ఎగబడితే కొట్టకుండా వెనుదిరిగి నిలబడండి. ఇంట్లో అందరూ ఒకే మాట, ఒకే నియమం పాటించండి. నాన్న వద్దన్నది అమ్మమ్మ ఇస్తే ఏ పద్ధతీ ఫలించదు.

ఎంత జాగ్రత్తపడినా కరిస్తే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించాము కదా అని ఇంట్లో ఉండిపోవద్దు. ప్రభుత్వ వైద్యశాలల్లో చర్మపు పొరలోకి ఇచ్చే టీకాను 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. లోతైన గాయాలకు, ముఖ్యంగా ముఖంపై గాయాలకు, ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

ఆ బాలుడు కోలుకున్నాడు. పెదవిపై మచ్చ మిగిలింది. రెండో టీకాకు వచ్చినప్పుడు తాతగారు చెప్పారు. పశువైద్యుడు చూస్తే కుక్క దవడపన్ను ఒకటి విరిగి, చీము పట్టి ఉన్నదట. తినేటప్పుడల్లా నరకం అనుభవించి ఉంటుంది. చెప్పుకునే దారిని మాత్రం మనమే ఏనాడో మూసేశాము. మొరిగే కుక్క కరవదని మన పెద్దలన్నారు. దానిని మొరగనిద్దాం. అది చెప్పేది విని, పిల్లవాణ్ణి పక్కకు తీసుకువెళదాం.