అపవాదము – అపవాదు

వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అను రెండు మాటలు పరిచితములే. ఉత్సర్గము సామాన్య నియమము. అపవాదము దానికి లొంగని ప్రత్యేక విధి. ఉర్దూ విభాగపు మిత్రులు దీనినే ఇస్తిస్నా అందురు. కంప్యూటరు ప్రోగ్రామునందలి ఎక్సెప్షన్ కూడ ఈ కోవకు చెందినదే. కాని వాడుక భాషలో అపవాదు అనగా చేయని తప్పునకు పడిన నింద. ఎక్సెప్షన్లను చక్కగా వర్గీకరింపని ప్రోగ్రాము నిర్దోషిపై ఇట్టి అపవాదునే మోపునని మా అభిప్రాయము.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందిన పట్టణము గనుక ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. ధాన్యపు కొనుగోలు కేంద్రము కొరకు ఒక విద్యార్థి ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందము. ధాన్యమున తేమ ప్రభుత్వ ప్రమాణమైన 17 శాతమును మించవచ్చును. వేబ్రిడ్జి నుండి తూకము అందకపోవచ్చును. బస్తాల సంఖ్య సున్నగా ఉండి, సగటు కట్టుటకై సున్నతో భాగించుట జరుగవచ్చును. మొదటిదానికి రైతు ధాన్యమును ఆరబెట్టవలెను. రెండవదానికి ఆపరేటరు మరల ప్రయత్నింపవలెను. మూడవదానిని ప్రోగ్రాము వ్రాసినవాడే దిద్దవలెను. ఈ మూటిని ఒకే వలలో పట్టి, "ధాన్యము తిరస్కరింపబడినది" అని తెరపై చూపినచో, తీగ తెగినందుకు గూడ రైతే ట్రాక్టరు మరల్చుకొని పోవలసివచ్చును.

కావున ఎక్సెప్షన్ క్లాసులను తప్పు ఎక్కడ పుట్టినదను దానినిబట్టి గాక, దానిని ఎవరు, ఏ విధముగా సరిదిద్దగలరను దానినిబట్టి విభజింపవలెను. కొనుగోలు ఎక్సెప్షన్ అను మూలపు క్లాసు క్రింద నియమ ఎక్సెప్షన్, సాధన ఎక్సెప్షన్ అను రెండు శాఖలు చాలును. తేమ ఎక్సెప్షన్ నియమశాఖకు బిడ్డ. అది వట్టి వాక్యమును గాక, కొలిచిన తేమను, ఉండదగిన హద్దును సంఖ్యలుగా మోసికొని రావలెను. సున్నతో భాగించుట ఈ వంశమున చేరదు. జావా భాషయందు అది రన్‌టైమ్ ఎక్సెప్షన్ శాఖకు చెందినది. దానిని కప్పిపుచ్చక ప్రోగ్రామరు దృష్టికి రానీయవలెను.

భాషలను నిర్మించినవారు సైతము ఈ విభజనను క్రమముగా మెరుగుపరచుకొనిరి. పైథాన్‌లో 2012 వరకు ఫైలు లేకుండుటకు, ఫైలు తెరచుటకు అనుమతి లేకుండుటకు వేర్వేరు క్లాసులు లేవు. దోషసంఖ్యను పరిశీలించి తెలిసికొనవలసియుండెను. ఆ సంవత్సరము వెలువడిన 3.3 కూర్పుతో ఈ రెండును ఓఎస్ ఎర్రర్ క్రింద ప్రత్యేక క్లాసులైనవి.

వర్గీకరించిన పిదప పట్టుకొను వరుస యొకటి కలదు. వ్యాకరణమున ఉత్సర్గముకంటె అపవాదము బలవత్తరము. ఇక్కడను బిడ్డను ముందు, తల్లిని వెనుక పట్టవలెను. వరుస తప్పినచో జావా కంపైలరు అంగీకరింపదు. పైథాన్ మాత్రము మౌనముగా తల్లికే అప్పగించును.

ఇన్ని క్లాసులు భారము గావా అని కొందరందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. వేరుగా చేయవలసిన పని లేనపుడు వేరు క్లాసు అనవసరము. కాని ఉన్న భేదమును చెరిపివేయుట పొదుపు గాదు. 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయాణమున సుమారు 40 సెకన్లలోనే నాశనమైనది. 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇమడక ఎక్సెప్షన్ పుట్టెను. అట్టిది పుట్టినచో యంత్రభాగము చెడినదని తలచి కంప్యూటరును ఆపివేయునట్లు ఆ వ్యవస్థ రూపొందింపబడియుండెను. చెడినది యంత్రము కాదు, ప్రోగ్రాము. అందుచేత దానికి తోడుగా ఉంచిన రెండవ కంప్యూటరు సైతము అదే కారణమున ఆగిపోయెను. రెండు జాతుల దోషములకు ఒకే చికిత్స చేసిన ఫలమిది.

విద్యార్థి మిత్రులకు మా మనవి యేమనగా, ప్రోగ్రాము వ్రాయుటకు ముందే రికార్డు పుస్తకమున ఎక్సెప్షన్ల వంశవృక్షమును గీయుడు. ప్రతి కొమ్మ ప్రక్కన, దానిని సరిదిద్దవలసినవారెవరో వ్రాయుడు. పేరు వ్రాయుటకు ఎవరును దొరకని కొమ్మను నరికివేయుడు. కళాశాల కమిటీవారు ప్రాక్టికల్ పరీక్షలో సరియైన జవాబునకే గాక ఈ వృక్షమునకు గూడ కొన్ని మార్కులు కేటాయింపవలెనని కోరుచున్నాము. రేపు మన విద్యార్థులు వ్రాయు ప్రోగ్రాముల యెదుట అక్షరములు కూడబలుకుకొను రైతులు, స్కాలర్‌షిప్పు కొరకు వచ్చిన పేద పిల్లలు నిలువబోవుచున్నారు. తప్పు తమదో, యంత్రముదో తెలిసికొను హక్కు వారికి కలదు.