ఆటలకు బందోబస్తు సరే, ఆడకూలీకి భద్రత ఏది?

మన ప్రభుత్వాల దృష్టిలో భద్రత అంటే రెండే పనులు: వచ్చేవాళ్లను కాపాడటం, ఉన్నవాళ్లను కనిపించకుండా చేయటం. అంతర్జాతీయ క్రీడలు వచ్చినా, పెట్టుబడిదారుల సదస్సు వచ్చినా, అందాల పోటీ వచ్చినా బందోబస్తు పథకం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. ఎంతమంది పోలీసులు, ఎన్ని కెమెరాలు, ఏ దారి ఎప్పుడు మూయాలి, ఏ హోటల్ చుట్టూ ఎంతమంది కాపలా అన్నీ అందులో ఉంటాయి. స్టేడియానికి ఇసుక మోసిన ఆడకూలీ మాత్రం ఉండదు. ఉంటే గింటే, తొలగించాల్సిన అడ్డంకుల పట్టికలో ఉంటుంది.

పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి వలసపోయే స్త్రీల మధ్య పనిచేస్తున్న దాన్ని కాబట్టి నేనీ మాట అంటున్నాను. వానలు మొహం చాటేసి, బోర్లు ఎండిపోతే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, చంటిపిల్లను చంకనేసుకుని బయలుదేరే కుటుంబాలు మనకు కొత్త కాదు. ఆనకట్ట కట్టినా, ఆకాశాన్నంటే భవనం కట్టినా పాలమూరు కూలీ చెమట అందులో ఉంది. నగరం ఆమె చేతిపనిని తీసుకుంటుంది. పెద్ద పండుగ వచ్చిన రోజు మాత్రం ఆమె మొహాన్ని దాచేస్తుంది.

ముప్పు లేదని ఎవరూ అనరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు హతులైన నాటి నుంచి ప్రపంచమంతటా క్రీడల ఖర్చులో భద్రత పెద్ద పద్దు అయిపోయింది. 2001లో ఢిల్లీలో జరగాల్సిన ఆఫ్రో-ఆసియా క్రీడలు అమెరికాపై సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వాయిదా పడి, 2003 అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 వరకు హైదరాబాద్‌లో జరిగాయి. వాటికి 23 రోజుల ముందే అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్‌పై మందుపాతర దాడి జరిగింది. 2007 అక్టోబర్‌లో ప్రపంచ సైనిక క్రీడలు వచ్చేనాటికి హైదరాబాద్ మే నెలలో మక్కా మసీదు పేలుడును, ఆగస్టులో 42 మందిని బలిగొన్న లుంబినీ పార్క్, గోకుల్ చాట్ పేలుళ్లను చూసి ఉంది. భయానికి కారణాలున్నాయి. అందుకే అడగాలి: ఆ భయం పేరుతో కూడగట్టిన బలగం ఎవరిని కాపాడింది? ఎవరి మీద పడింది?

మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు ముస్లిం యువకులను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. వాళ్లలో చాలామంది నిర్దోషులుగా బయటికి వచ్చారు, తర్వాత ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని ఠాణాల చుట్టూ తిరిగిన తల్లుల గోడును ఏ భద్రతా సమీక్షలో చర్చించారు?

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. నల్లగొండ వాళ్లకు ఆ చోటు పరాయిది కాదు. విజయవాడ దారిలో మన బస్సు ఆగేది అక్కడ, మన పిల్లలు హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునేది అక్కడ. పది రోజులైనా తిరక్కుండా మార్చి 2న ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టెస్టు మొదలయింది. గట్టి కాపలా మధ్య ఆట సాగిపోయింది. సాగకూడదని నేననను. కానీ ప్రాణాలు పోయింది బస్సు కోసం జనం నిలబడే రోడ్డు మీద. ఆట చూడటానికి టికెట్ కొన్నవాడికి ఉన్న కాపలా, ఊరికి పోవటానికి టికెట్ కొనే ఆడదానికి ఎందుకు లేదు?

2017 నవంబర్‌లో జరిగింది ఆటలు కావు, ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. బందోబస్తు మాత్రం అదే. మహిళలకే ప్రథమ స్థానం, అందరికీ సౌభాగ్యం అన్నది ఆ సదస్సు నినాదం. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వస్తున్నారు. సదస్సు 28న మొదలవుతుందనగా, 8వ తేదీ నుంచి రెండు నెలల పాటు నగరంలో బిచ్చమెత్తటాన్ని పోలీసు కమిషనర్ 144వ సెక్షన్ కింద నిషేధించారు. దొరికినవాళ్లను వాహనాల్లో ఎక్కించి జైళ్ల ఆవరణలో నడిచే ఆశ్రమాలకు తరలించారు. కూడలిలో చేయి చాచే ముసలమ్మ ఎవరు? వయసున్నన్నాళ్లు తట్ట మోసి, నడుం పడిపోయాక ఎవరికీ అక్కరలేకుండా పోయిన కూలీ స్త్రీ కూడా వాళ్లలో ఉంటుంది. మహిళలకు ప్రథమ స్థానం అన్నవాళ్లు ఆమెను మొట్టమొదట చేసింది ఊరి నుంచి ఎత్తివేయటం! మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు, ఆ నగరంలో బిచ్చమెత్తటాన్ని నేరంగా చూసే చట్ట నిబంధనలను కొట్టేసింది. మన దగ్గర 144వ సెక్షన్ పేరు మారి 163 అయింది. అధికారం మాత్రం అలాగే ఉంది.

ఇక స్టేడియం గోడల లోపలి సంగతి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో కూలీల గోడును పీయూడీఆర్ సుప్రీంకోర్టు ముందు పెట్టింది. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో ఒక రూపాయి జమాదారు కమిషన్ కింద మింగేవాడు. ఆడవాళ్ల చేతికి ఏడు రూపాయలే వస్తున్నాయని పిటిషన్ చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవటం వెట్టిచాకిరీయేనని, అది రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధమని ఆ ఏడాది సెప్టెంబర్‌లో జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. వెట్టి మీద తిరగబడిన నల్లగొండ గడ్డకు ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు. జమాదారును మన వైపు గుంపు మేస్త్రి అంటారు, అంతే తేడా. 28 ఏళ్ల తర్వాత అదే ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడల పనుల్లోనూ కార్మిక చట్టాల ఉల్లంఘన మీద హైకోర్టు కమిటీ వేయవలసి వచ్చింది.

పనిస్థలాల్లో నేను చూసినదేమిటంటే, కూలీల ఆధార్ కార్డులు తనిఖీ చేయటానికి మనుషులు వస్తారు. స్నానాల గదికి గడియ ఉందా అని అడగటానికి ఎవరూ రారు. ఆడకూలీ నుంచి అతిథికి ముప్పు ఉంటుందేమోనని వెతుకుతారు. ఆడకూలీకి మేస్త్రి నుంచి, కాంట్రాక్టర్ మనిషి నుంచి, రాత్రి కాపలావాడి నుంచి ఉన్న ముప్పు వాళ్ల లెక్కలోకి రాదు. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసేచోట పిల్లల కోసం గది ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. చట్టాలు కోడ్‌లుగా మారాయి. పిల్ల మాత్రం ఇంకా ఇసుక కుప్ప మీదే నిద్రపోతున్నది.

పోనీ ప్రేక్షకులనైనా కాపాడారా? 2022 సెప్టెంబర్ 22న జింఖానా మైదానంలో క్రికెట్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు, ఆడవాళ్లు నలిగిపోయారు. అదే 2023 సెప్టెంబర్ 29న ఉప్పల్‌లో పాకిస్తాన్-న్యూజీలాండ్ సన్నాహక మ్యాచ్‌ను గణేశ్ నిమజ్జనం, మిలాద్ పండుగల బందోబస్తు కారణంగా ప్రేక్షకులు లేకుండానే ఆడించారు. అంటే ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవటం వాళ్లకు చేతనవును. ఆ వరుసలో కూలీ స్త్రీల వంతు ఎప్పుడూ రాలేదంతే.

2025 మే నెలలో ఈ బందోబస్తు మన జిల్లాలకే వచ్చింది. మిస్ వరల్డ్ పోటీదారులు 12న నాగార్జునసాగర్ బుద్ధవనానికి, 15న పోచంపల్లికి, 16న మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వచ్చిపోయారు. ఆ అమ్మాయిలతో మనకు పేచీ లేదు. వాళ్ల బస్సుకు ముందూ వెనకా పోలీసు వాహనాలు పెట్టగలిగిన ప్రభుత్వం, రాత్రి చివరి బస్సు దిగి ఊరికి నడిచిపోయే మన అమ్మాయి దారిలో దీపం పెట్టలేదా అన్నదే పేచీ.

ఆటలు వద్దంటున్నారా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఆటలు కావాలి, మన పల్లెల ఆడపిల్లలకు మరీ కావాలి. భద్రతా పథకంలో నాలుగు విషయాలు ముందే రాసి ఉండాలంటున్నాం. పని మొదలైన రోజు నుంచే కూలి చెల్లింపు, మరుగుదొడ్డి, పిల్లల గది తనిఖీ చేయాలి. పనిస్థలంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం చెప్పిన జిల్లా స్థానిక కమిటీ కూలీల గుడిసెల దగ్గరికే రావాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేకుండా పండ్లమ్మే ఆడదాని బండి కదిలించకూడదు, మూసిన రోజుల ఆదాయం ఇవ్వాలి. ఇల్లు లేనివాళ్లను ఇష్టం లేకుండా ఎక్కడికీ తరలించకూడదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కోసం దేశం పోటీపడుతోంది. హైదరాబాద్‌లోనూ ఆ పోటీలు జరగాలన్నది మన ముఖ్యమంత్రి కోరిక. ఆయనా పాలమూరు బిడ్డే, వలస అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. స్టేడియాల పునాది తవ్వటానికి మళ్లీ మన ఊళ్ల నుంచే లారీలు బయలుదేరతాయి.

కాబట్టి సంఘాలుగా మనం ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రతి పెద్ద కార్యక్రమం తర్వాత ఎన్ని బండ్లు తీశారు, ఎంతమందిని తరలించారు, ఎవరికి ఎంత పరిహారం ఇచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఏ కానిస్టేబుల్ ఎక్కడ నిలబడతాడన్నది రహస్యం కావచ్చు. ఎవరి గుడిసె పీకారన్నది రహస్యం కాదు. జిల్లా కలెక్టర్, పోలీసు అధికారులు కూర్చునే సన్నాహక సమావేశంలో కూలీ స్త్రీల ప్రతినిధికి కుర్చీ వేయమని రాతపూర్వకంగా కోరాలి. వేయకపోతే గుమ్మం ముందు కూర్చోవాలి.