అది వేడి చేయడం కాదమ్మా!

‘నాకు 52 ఏళ్లు. తెల్లబట్ట అవుతోందని 35 ఏళ్లప్పుడే గర్భసంచి తీసేశారు. మూడేళ్లుగా మూత్రానికి వెళ్తే మంట. వేడి చేసిందేమోనని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ తాగుతున్నా. తగ్గకపోతే మందుల షాపులో చెప్పి బిళ్లలు తెచ్చుకుంటా. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. లోపలంతా పొడిబారి మండుతూ ఉంటుంది. మావారు దగ్గరికొస్తే భయమేస్తోంది. నాకు ఆయనంటే ఇష్టం పోయిందనుకుంటున్నారు. ఈమధ్య నెల్లూరులో డాక్టరమ్మకు చూపిస్తే లోపల పెట్టుకోమని హార్మోన్ క్రీము రాశారు. పెట్టెలో ఉన్న కాగితం మా అమ్మాయి చదివి, క్యాన్సర్ వస్తుందని ఉందమ్మా అంది. ఆ ట్యూబు బీరువాలో పెట్టేశా. వాడొచ్చా, పారేయమంటారా?’
- ఓ సోదరి, కొడవలూరు

పారేయకండి. దాన్ని వాడటానికి భయపడాల్సిన పనీ లేదు. అయితే ఎందుకు వాడాలో, ఎలా వాడాలో, ఎవరు వాడకూడదో తెలుసుకుని వాడండి. ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. ముట్లుడిగిన ఆడవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. డాక్టరు దగ్గర చెప్పేవాళ్లు మాత్రం చాలా తక్కువ. 1992లో దూబగుంట నుంచి మొదలుపెట్టి సారా దుకాణాలను మూయించిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు కూడా ఈ మంట గురించి ఇంట్లో వాళ్లకైనా చెప్పుకోరు. వయసు మీదపడింది కదా, ఇంతేలే అని సర్దుకుపోతారు.

లోపల ఏం జరుగుతుంది?

అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారు చేస్తున్నన్నాళ్లూ యోని గోడలు మందంగా, మెత్తగా, తడిగా ఉంటాయి. ఆ గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. పెరుగు తోడుకోవడానికి పనికొచ్చే జాతికే చెందిన లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు దాన్ని ఆహారంగా చేసుకుని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పాలు తోడుకుంటే పుల్లబడినట్టే యోనిలోనూ కాస్త పులుపుదనం ఉంటుందన్నమాట. ఆ పులుపే కాపలా. చెడు సూక్ష్మజీవులను అది పెరగనివ్వదు.

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. గోడలు పల్చబడతాయి, తడి ఆరిపోతుంది. గ్లైకోజెన్ లేక మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గుతాయి, పులుపు పోతుంది. మలద్వారం దగ్గరుండే సూక్ష్మజీవులు అక్కడ చేరి పక్కనే ఉన్న మూత్రనాళంలోకి వెళ్తాయి. మూత్రనాళం, మూత్రాశయం చివరి భాగాలకు కూడా ఈస్ట్రోజెనే ఆధారం. అందుకే పొడిదనం, దురద, కలయికలో నొప్పి ఒకవైపు, మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పదేపదే ఇన్ఫెక్షన్లు రావడం మరోవైపు. ఇవన్నీ ఒకే సమస్యకు వేర్వేరు ముఖాలు కాబట్టే 2014లో వైద్యులు రెండింటినీ కలిపి ‘జెనిటో యూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్’ అని కొత్త పేరు పెట్టారు.

ఒంట్లోంచి ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం లాంటివి చాలామందికి కొన్నేళ్లలో తగ్గిపోతాయి. ఇది అలా కాదు. వైద్యం చేయించుకోకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. మజ్జిగ, నీళ్లు మంచివే, మానొద్దు. నాట్లు, కలుపు పనులకు వెళ్లేవాళ్లు అక్కడ మరుగు ఉండదని నీళ్లు తాగడం మానేసి ఇన్ఫెక్షన్లు కొనితెచ్చుకుంటారు కూడా. కానీ ఎన్ని చలవ వస్తువులు తీసుకున్నా ఈస్ట్రోజెన్ లోటు తీరదు.

గర్భసంచి తీసేసినవారికి...

మీ ఉత్తరంలో మరో సంగతి ఉంది. గర్భసంచి తీసేశాక నెలసరి రాదు. కాబట్టి అసలు మెనోపాజ్ ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజునుంచే ఈస్ట్రోజెన్ పడిపోతుంది. వాటిని ఉంచినా, కొందరిలో మామూలు కంటే కొన్నేళ్లు ముందే పనిచేయడం మానేస్తాయి. మీకు అండాశయాలు ఉంచారా, తీశారా అనేది పాత డిశ్చార్జి కాగితాల్లో ఉంటుంది. వెతికి డాక్టరుకు చూపించండి.

ఇది మన రాష్ట్రాల్లో చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. తెల్లబట్ట, నడుము నొప్పి లాంటి మందులతో తగ్గే బాధలకు కూడా ఆపరేషన్లు చేశారన్న విమర్శ ఎప్పట్నుంచో ఉంది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జరిగిపోయిన ఆపరేషన్లను ఎలాగూ మార్చలేం. కానీ చిన్న వయసులో ఆపరేషన్ అయినవాళ్లకు తర్వాత వచ్చే ఈ పొడిదనం, మంటల గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

క్యాన్సర్ భయం ఎక్కడిది?

2002లో అమెరికాలో ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది మహిళలున్నారు. సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్రలు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. హార్మోన్లు మింగినవారిలో రొమ్ము క్యాన్సర్లు ఏడాదికి పదివేల మందికి 8 చొప్పున ఎక్కువగా కనిపించాయి. ప్రపంచమంతా గగ్గోలెత్తింది. ఆ హెచ్చరికనే తర్వాత ఈస్ట్రోజెన్ ఉన్న ప్రతి మందు మీదా, లోపల పెట్టుకునే క్రీముల మీద కూడా ముద్రించారు. మీ అమ్మాయి చదివిన మాటల మూలం అదే.

నోటితో మింగే మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. యోనిలో తక్కువ మోతాదులో పెట్టుకునే మందు చాలావరకు అక్కడే పనిచేస్తుంది. ఉదాహరణకు 10 మైక్రోగ్రాముల ఈస్ట్రడయాల్ మాత్రను వారానికి రెండుసార్లు లోపల పెట్టుకుంటే ఏడాది మొత్తానికి వాడేది 1 మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే. రక్తంలో ఈస్ట్రోజెన్ ముట్లుడిగినవారికి ఉండే స్థాయిలోనే ఉంటుంది. అదే ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’లోని మరో భాగంలో ఉన్న 45 వేల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవారిలో రొమ్ము, గర్భాశయ క్యాన్సర్లుగానీ గుండెజబ్బులుగానీ పెరిగినట్టు కనిపించలేదు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా నల్లగళ్లలో వేసే ఆ పెద్ద హెచ్చరికను తొలగించనున్నట్టు ప్రకటించింది. పెట్టెలోని కాగితాల్లో పాత మాటలే ఇంకా కనిపించవచ్చు. కంగారు పడొద్దు.

ఇక మేలెంత అంటారా? తరచూ మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చే 93 మంది మీద జరిగిన ఒక అధ్యయనం 1993లో అచ్చయింది. ఈస్ట్రియాల్ క్రీము వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మందు లేని క్రీము వాడినవారికి 5.9 సార్లు వచ్చింది. మీరు షాపులో కొనుక్కుంటున్న యాంటీబయాటిక్ బిళ్లలు నాలుగు రోజులే పనిచేయడానికి కారణం ఇప్పుడు అర్థమై ఉంటుంది. అవి సూక్ష్మజీవులను చంపుతాయి, పోయిన కాపలాను తిరిగి తేలేవు. పైగా అలా వాడితే ఆ మందులకు సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయి.

ఎలా వాడాలి?

సాధారణంగా మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి పడుకునే ముందు, తర్వాత వారానికి రెండుసార్లు పెట్టుకోమంటారు. మీ చీటీలో ఎలా ఉంటే అలాగే చేయండి. చేతులు కడుక్కుని, ట్యూబుతో వచ్చే గొట్టంలో డాక్టరు చెప్పిన గీత వరకే క్రీము నింపండి. ఎక్కువ పెడితే తొందరగా తగ్గుతుందనుకోవద్దు. గొట్టాన్ని ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. తగ్గింది కదా అని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కలయికకు ముందు జారుడుకోసం దీన్ని వాడకూడదు. దానికి నీటితో తయారైన జెల్లీలు వేరే దొరుకుతాయి. ఇంత తక్కువ మోతాదుకు గర్భసంచి ఉన్నవారికి కూడా ప్రొజెస్టిరాన్ మాత్రలు సాధారణంగా అవసరం ఉండదు.

లోపల సబ్బు, క్రిమిసంహారక ద్రావణాలు పోసి కడగొద్దు. మిగిలిన కాస్త రక్షణా పోతుంది. పెరుగు, పసుపు లాంటివీ పెట్టొద్దు.

ఎవరు జాగ్రత్త పడాలి?

రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు, ఇప్పుడు దానికి మందులు వాడుతున్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. వారికి ముందు హార్మోన్ లేని మాయిశ్చరైజర్లు, జెల్లీలు ఇస్తారు. తగ్గకపోతే క్యాన్సర్ వైద్యుడితో మాట్లాడి నిర్ణయిస్తారు. నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా, గర్భసంచి తీసేసిన మీలాంటివారికి కనిపించినా, క్రీము సంగతి తర్వాత, ముందు పరీక్ష చేయించుకోవాలి. అక్కడ తెల్లమచ్చలు, మానని పుండు ఉన్నా అంతే. దురద ఎక్కువగా ఉంటే షుగరు ఉందేమో చూడాలి. మూత్రంలో మంట వచ్చినప్పుడు బిళ్ల వేసుకోకముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వండి.

వీటికి కార్పొరేట్ ఆసుపత్రికే వెళ్లక్కర్లేదు. షుగరు, మూత్ర పరీక్షల గురించి మీ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగొచ్చు. నెల్లూరు పెద్దాసుపత్రిలో గైనకాలజీ విభాగం ఉంది. డాక్టరు ముందు కూర్చున్నాక ‘నలతగా ఉంది’ అని ఆపేయకండి. ‘అక్కడ పొడిగా ఉంటోంది, మంట, కలిస్తే నొప్పి’ అని మూడు ముక్కల్లో చెప్పేయండి. మగ డాక్టరైతే పక్కన నర్సును ఉండమనండి.

మీవారికీ ఈ పేజీ చదివి వినిపించండి. మీరు దూరం జరుగుతున్నది నొప్పి వల్ల అని, ఆ నొప్పికి మందుందని, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలని ఆయనకు తెలియాలి. మీకు రొమ్ము క్యాన్సర్, రక్తం కనిపించడం లాంటివేమీ లేకపోతే ఈ రాత్రే ఆ ట్యూబు బీరువాలోంచి తీసి, గడువు తేదీ చూసుకుని మొదలుపెట్టండి. మూడు నెలలయ్యాక అది రాసిన డాక్టరమ్మకే ఒకసారి చూపించుకోండి.