గద్దకూ కులం అంటగట్టారు

మన ఆకాశంలో రెండు రకాల గద్దలు తిరుగుతుంటాయి. ఒకదానికి తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు. అది గరుడపక్షి. విష్ణుమూర్తి వాహనమట, కనబడితే చెంపలేసుకుంటారు. రెండోది మట్టి రంగుది, తోక చీలి ఉంటది. సంతల మీద, కబేళాల మీద, చెత్తకుప్పల మీద తిరిగే మామూలు గద్ద. అది కనబడితే కోడిపిల్లల్ని బుట్ట కింద మూసి రాయి పుచ్చుకుంటాం.

ఇంగ్లీషు దొరలు పక్షుల పుస్తకాలు రాస్తూ మొదటిదాన్ని 'బ్రాహ్మినీ కైట్' అన్నారు. రెండోదాన్ని 'పరయా కైట్' అన్నారు. పరయా అంటే ఎవరో కాదు, తమిళదేశంలో పరై డప్పు కొట్టిన మన అన్నదమ్ములు, పరయర్లు. ఊరకుక్కకూ అదే పేరు పెట్టారు. దొరలకు ఈ ఎక్కువ తక్కువల లెక్క ఎవరు నేర్పారో వేరే చెప్పాలా?

పోనీ తిండిలో తేడా ఉందా? గరుడపక్షేమన్నా పప్పన్నం తింటదా? రేవుల్లో పడవల చుట్టూ తిరిగి చచ్చిన చేపల్ని ఎత్తుకుపోతది. ఇప్పటి పుస్తకాలు రెండోదాని పేరు 'బ్లాక్ కైట్' అని మార్చాయి. మొదటిది మాత్రం ఇంకా బ్రాహ్మినీయే.

అది వాళ్ళ సంగతి. మా తప్పూ ఒకటుంది, ఒప్పుకోవాలి. భూస్వాముల్ని 'రక్తం తాగే రాబందులు' అని ఎన్ని కరపత్రాల్లో రాశామో, ఎన్ని గోడల మీద రాశామో లెక్కలేదు. రాబందు రక్తం తాగే పక్షి కాదు. దాని తిండి చచ్చిన గొడ్డు. మన తాతలు తోలు ఒలిచి పక్కకు జరిగితే అది దిగేది, ఎముకలు మిగిల్చి పోయేది. ఊరు కుళ్ళకుండా కాసింది ఆ ఇద్దరే. ఊరు ముక్కు మూసుకున్నదీ ఆ ఇద్దర్ని చూసే.

ఆ చాకిరీ మళ్ళీ కావాలని మేం అనటం లేదు. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మనవాళ్ళను కట్టేసి కొట్టారు. ఆ తరువాత అక్కడ చాలామంది దళితులు చచ్చిన గొడ్లను ముట్టుకోం పొమ్మన్నారు. మంచిపని చేశారు. రాబందుకు అట్లా పని మానుకునే వీలు లేదు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాల్ని పాడుచేసి చంపింది. నడుం తెల్లగా ఉండే రాబందులు మన దేశంలో 1992 నుంచి 2007 లోపల నూటికి 99కి పైగా పోయాయి. పశువులకు ఆ మందు వాడొద్దని సర్కారు 2006లో గాని చెప్పలేదు. ఇవాళ మన పిల్లల్లో చాలామందికి రాబందు అంటే పక్షని తెలవదు, తిట్టని తెలుసు.

మొన్న ఒక భూమి తగాదా మీద కరపత్రం రాస్తూ 'రాబందులు' అన్న ముక్క కొట్టేశాం. ఆ చోట ఏం పెట్టాలని అరగంట వాదులాడుకున్నాం. ఒకరు తోడేలన్నారు, ఒకరు జలగన్నారు. జలగేం పాపం చేసిందని ఇంకొకరు. మూలన కూచున్న పెద్దాయన విసుక్కున్నాడు: "వాడి పేరే రాయండ్రా. సర్వే నంబరుతో సహా రాయండి."

అట్లాగే రాశాం.