ఇంటికొక పెద్ద డేగిసా



నెలనెలా ఈ పేజీలో పిల్లల చదువు గురించో, అత్తాకోడళ్ల సమాధానము గురించో వ్రాస్తుంటాము. ఈసారి వంటపాత్ర గురించి వ్రాస్తున్నామని కొందరు నవ్వుకోవచ్చు. అయితే ప్రతిష్ఠ పండుగ ముందూ, క్రిస్మస్ ముందూ, పెండ్లిండ్ల కాలములోనూ మా దగ్గరకు వచ్చే తల్లులు అడిగే ప్రశ్నలలో ఇదొకటి. “అయ్యగారూ, ముప్పై మందికి వండాలంటే ఎంత డేగిసా కొనాలి? ఏ లోహము మంచిది?” ఎలీషా దినములలో కరువు వచ్చినప్పుడు ప్రవక్తల శిష్యులకు వండినది కూడా పెద్ద కుండలోనే గదా. ఆ కుండలో పడినది మంచిదా చెడ్డదా అన్నదే అక్కడి సమస్య. మన సమస్య కూడా దానికి దూరము కాదు.

ముందు కొలత చూద్దాము. అంగడిలో నంబర్లు చెప్పి అమ్ముతారు గాని ఆ నంబరు ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క రకము. టేపు తీసుకుపోండి. లోపలి వెడల్పును వెడల్పుతోనే గుణించి, లోతుతో గుణించి, మరల 0.785తో గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. అంతా సెంటీమీటర్లలోనే కొలవాలి. 32 సెంటీమీటర్ల వెడల్పు, 26 లోతు ఉన్న పాత్ర సుమారు 21 లీటర్లు. పొంగకుండా పైన పావు వంతు వదిలితే, నీళ్లు ఇగిరిపోయేలా వండే పద్ధతిలో 5 కిలోల బియ్యము పడుతుంది. గంజి వార్చే ఇండ్లలో కిలోకు ఐదు లీటర్ల నీళ్లు పోస్తారు గనుక అదే పాత్రలో రెండున్నర కిలోలకు మించదు. ఈ తేడా తెలియక పాత్ర చాలలేదని మరొకటి కొనేవారు ఉన్నారు. మన పల్లెల్లో కిలో బియ్యము ఆరేడుగురికి వస్తుందనుకుంటే, ఇగుర్చుకునే ఇంటికి ఈ పాత్ర ముప్పైమందికి చాలు.

ఇంతకన్నా పెద్దది ఇంటికి ఎందుకని మా ఉద్దేశము. 20 లీటర్ల నీళ్లు ఇంటి గ్యాసు పొయ్యి మీద మరగడానికే గంటకు పైగా పడుతుంది. పైగా నిండిన పాత్ర ఇరవై కిలోలు దాటుతుంది. ఆ బరువును అద్దము పలక ఉన్న పొయ్యి మీద పెట్టడము క్షేమము కాదు. కట్టెల పొయ్యి అయితే సరే.

ఇక లోహము. మనవారు సత్తు అనీ, సిల్వర్ అనీ పిలిచే అల్యూమినియమే చవక. వేడిని అది స్టీలు కంటే పదిహేను రెట్లు బాగా పారిస్తుంది. అందువలన అన్నము ఒకచోట మాడి మరొకచోట పలుకుగా ఉండడము తక్కువ. అన్నానికీ, ఉప్మాకూ, నీళ్లు కాచుకోవడానికీ మందమైన అల్యూమినియము డేగిసా చాలా మంచిదని నిస్సంకోచముగా చెప్తాము.

దానికి గిట్టనిది పులుపు. మన గూడూరు నిమ్మకాయ పేరు ఎంత దూరము పోయిందో మీకు తెలియనిది కాదు. ఆ నిమ్మరసము పిండి, పులిహోర కలిపి, అదే అల్యూమినియము పాత్రలో మధ్యాహ్నము వరకు ఉంచితే లోహము కరిగి అన్నములోకి వస్తుంది. చింతపండు రసము, చేపల పులుసు, టమాటా కూర, మజ్జిగ పులుసు ఇవన్నీ అంతే. మన చేపల పులుసు రాత్రి వండి మరునాడు తింటేనే రుచి అంటారు. ఆ రాత్రంతా అది దేనిలో ఉన్నదన్నదే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘము 2011లో, మనిషి శరీర బరువులో కిలోకు వారానికి 2 మిల్లీగ్రాముల అల్యూమినియము దాటరాదని హద్దు పెట్టింది. ఒంట్లో చేరినదానిని బయటికి పంపేది మూత్రపిండాలు. ఆ జబ్బు ఉన్నవారు ఇంట్లో ఉంటే మరింత జాగ్రత్త అవసరము. కాబట్టి పులుపు వంటకు పది లీటర్ల స్టీలు గిన్నె ఒకటి వేరుగా ఉంచుకోండి. పలుచని స్టీలు అడుగంటుతుంది. అడుగున అల్యూమినియము పలక అతికించినది కొంటే పప్పు మాడదు.

స్టీలు మంచిదో కాదో చూడడానికి అయస్కాంతము పట్టుకుపోయేవారిని చూశాము. అది అంటుకోకపోతే మేలురకమని నమ్ముతారు. నికెల్ తక్కువగా ఉన్న 202 రకానికీ, మేలైన 304 రకానికీ రెంటికీ అయస్కాంతము అంటదు. అంతకంటె పాత్ర మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడడము మేలు. స్టీలు, అల్యూమినియము పాత్రలకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వము 2024లో ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు లేకుండా, ఏ తుక్కు కరిగించి పోశారో తెలియని పాత్ర మరీ చవకగా వస్తుంటే వదిలేయండి. తుక్కులో సీసము కలిసి ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు హాని. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో, దిగుమతి అయిన కొన్ని అల్యూమినియము, ఇత్తడి, ఇండాలియము పాత్రల నుండి సీసము ఆహారములోకి దిగవచ్చని హెచ్చరించింది.

ఇత్తడి మాట ఎత్తితే పెండ్లి సారె గుర్తుకు వస్తుంది. కూతురికి ఇత్తడి అండా పెట్టకపోతే పరువు పోతుందని నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన తండ్రులను మన సంఘములలోనే ఎరుగుదుము. గోదావరి జిల్లాలో అజ్జరం ఇత్తడికి పేరున్న మాట నిజమే, వస్తువు కూడా గొప్పదే. అయితే లోపల కళాయి లేని ఇత్తడిలో పులుపు వండరాదు, చిలుము పడుతుంది. కళాయి అంటే తగరమే. అది 232 డిగ్రీలకే కరుగుతుంది గనుక ఖాళీ పాత్రను పొయ్యి మీద పెడితే పాడవుతుంది. పైగా కళాయి వేసేవాడు ఇప్పుడు ఊరికి ఎన్నాళ్లకొకసారి వస్తున్నాడు? వండని అండా అటక మీద ఉంటుంది, వడ్డీ మాత్రము నెలనెలా కట్టాలి. అమ్మాయికి మందమైన డేగిసా ఒకటి, స్టీలు గిన్నె ఒకటి ఇచ్చి పంపండి. వియ్యపురాలు ఏదైనా అంటే మా దగ్గరకు తీసుకురండి, మాట్లాడుతాము.

యాభై, అరవై మందికి వండే పాత్ర మాత్రము ఏ ఒక్క ఇల్లూ కొననవసరము లేదు. నాలుగైదు కుటుంబములు కలిసి కొని ఒకరింట ఉంచుకోవచ్చు. ఎవరు తీసుకున్నారో ఒక పుస్తకములో వ్రాయాలి. మాడు గీకి, ఎండలో ఆరబెట్టి తిరిగి ఇవ్వాలి. సొట్ట పడితే పడిందని చెప్పాలి. పాత్ర కంటె ఈ లెక్కల దగ్గరే ఎక్కువ మనస్పర్థలు వస్తాయి.

కొనేటప్పుడు అంచును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, వంగితే వద్దు. అల్యూమినియము తూకానికి అమ్ముతారు గనుక పలుచనిది చవకగా కనిపిస్తుంది గాని రెండేళ్లకే అడుగు ఉబ్బుతుంది. గ్యాసుకైతే చదునైన అడుగు, కట్టెల పొయ్యికైతే గుండ్రని అడుగు కూడా పనికివస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద వట్టి అల్యూమినియము వేడెక్కదు. ఉప్పు నీళ్లు రాత్రంతా నిలవ ఉంచితే సన్నని గుంటలు పడతాయి.

గంజి వార్చేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, పిల్లలను గడప అవతలికి పంపండి. పొరపాటున కాలితే ఇంకు, పేస్టు, బూడిద పూయకుండా ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోసి ఆసుపత్రికి తీసుకుపోండి.

మూత చాలా అంగళ్లలో వేరుగా అమ్ముతారు. బేరము ముగించక ముందే మూతతో కలిపి ధర అడగండి. ఇంట్లో ఉన్న పాత అల్యూమినియము కూడా తూకము వేయించి ఆ ధరలో తగ్గించమనండి.