ఉస్మానియా విడిచిన పాఠము

మా జమ్మికుంటలో రైలెక్కి హైదరాబాదు చూడబోవువారు, ఇంట చదువుకొను పిల్లలున్నచో, చార్మినారు పిమ్మట తప్పక ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోయి ఆర్ట్సు కళాశాల యెదుట నిలువబడుదురు. ఛాయాచిత్రము తీయించుకొందురు. ఆ గులాబివన్నె రాతి సౌధమును, ఆ యెత్తైన కమానును చూచి మురియుదురు. ఆ మురిపెమును మేము తప్పు పట్టము. కాని ఆ సౌధములో మొదట ఏ భాషలో పాఠములు చెప్పిరో, ఆ భాష యెట్లు పోయెనో, పోయినచోట మన భాష యేల కూర్చుండలేదో అడుగువారు అరుదు. మా వాదమంతయు ఈ కడపటి ప్రశ్నను గుఱించియే.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1918లో ఈ విశ్వవిద్యాలయమును స్థాపించెను. మఱుసటి యేట నగరమధ్యమున తరగతులు మొదలైనవి. ఊరి వెలుపల అడిక్‌మెట్టును స్థలముగా నిర్ణయించుటలో స్కాట్లండు దేశీయుడగు నగరనిర్మాణవేత్త పాట్రిక్ గెడ్డిస్ సలహా కలదు. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు అను నిద్దరు దేశదేశముల విద్యాలయములు చూచి వచ్చిరి. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పరు పటములు గీసెను. 1934లో శంకుస్థాపన జరిగెను. 1939 డిసెంబరులో కళాశాల తెఱవబడెను. స్తంభములలో అజంతా, ఎల్లోరాల పోలిక. కమానులలో మహమ్మదీయ శిల్పము. ఈ దేశపు రెండు సంప్రదాయములకును రాతిలో చోటు దొరకెను. లోపలి తరగతిగదిలో మాత్రము ఒక్కదానికే దొరకెను.

అయినను ఆ ఒక్కదానికి దొరకుటయే నాడు పెద్ద సాహసము. బ్రిటిషు ఇండియాలోని విశ్వవిద్యాలయములు ఇంగ్లీషులో బోధించుచుండగా, ఇచ్చట చరిత్రయు, రసాయనమును, వైద్యమును, ఇంజనీరింగును ఉర్దూలో బోధించిరి. పుస్తకములు లేవే యని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విశ్వవిద్యాలయము పుట్టుటకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అను అనువాదశాలను నెలకొల్పిరి. అందు పండితులను జీతములిచ్చి కూర్చుండబెట్టి వందలకొలది గ్రంథములను తెనిగించినట్లు—కాదు, ఉర్దూ చేయించిరి. ఒక్కొక్క పారిభాషిక పదమునకై సభలు తీర్చి వాదించిరి. ఇంగ్లీషును వెలివేయనులేదు, ప్రతి విద్యార్థియు దానిని భాషగా నేర్వవలసినదే. ముందు పుస్తకము, తరువాత తరగతి, తరువాత భవనము: ఆ క్రమమును చదువరులు గమనింతురు గాక. మనము క్రమమును తలక్రిందు చేసి, భవనమును మాత్రము మిగుల్చుకొంటిమి.

అందలి అన్యాయమును దాచుట మా యుద్దేశము కాదు. నిజాము రాజ్యమున తెలుగువారు సుమారు సగము. ఉర్దూ మాతృభాషగా గలవారు సుమారు పదింట నొకరు. దేశభాషలో విద్య యన్న సూత్రము సత్యమే. ఆ దేశభాష యేదన్నచోట అధికారము తన భాషను చూపినది. తెలుగు ఒక పాఠ్యవిషయముగా మాత్రమే లోపలికి వచ్చినది. 1938లో వసతిగృహములలో వందేమాతరము పాడినందులకు వందలమంది విద్యార్థులను బహిష్కరించిరి. వారిలో పెక్కండ్రకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. మాకు చేరువనున్న వంగర గ్రామపు పి. వి. నరసింహారావును ఆ యుద్యమమువలననే నాగపూరు చేరినవాడు.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము కూలినది. పిమ్మట ఉర్దూమాధ్యమమును తొలగించిరి. ఉర్దూ కూడదు, ప్రజలభాష కావలెనని కేకలు వేసినవారము మనము. ఖాళీయైన పీఠముపై ప్రజలభాషను కూర్చుండబెట్టితిమా? ఇంగ్లీషును కూర్చుండబెట్టితిమి. ఒక పరాయిభాషను దింపి మఱింత పరాయిభాషను ఎక్కించుటను విమోచనమని పిలిచిన దేశము వేఱొకటి కలదేమో మేమెఱుగము. 1958లో ఇంగ్లీషు బోధనకై ఒక కేంద్రసంస్థ ఆ విద్యానగరపు ప్రక్కనే వెలసినది. నేడది కేంద్ర విశ్వవిద్యాలయము. పదేండ్లకు, 1968లో, తెలుగు పాఠ్యగ్రంథములకై తెలుగు అకాడమి పుట్టినది. దాని తొలి అధ్యక్షుడు ఆ నరసింహారావే. ఆ సంస్థ మంచి పని చేసినది. కాని అది హిమాయత్‌నగరున, విశ్వవిద్యాలయము అడిక్‌మెట్టున. దారుల్ తర్జుమాకును తరగతికిని నడుమ నుండిన బంధము ఈ రెంటికిని నడుమ ఏర్పడనే లేదు.

ఇక నేటి విద్యానగరపు శీలమును చూడుడు. తార్నాక, అడిక్‌మెట్టు, విద్యానగరు వీథులలోని అద్దెగదులన్నియు మన పల్లెల బిడ్డలవి. 1969లోను, 2009లోను తెలంగాణమునకై ఆ ప్రాంగణమే రగిలినది. ఆ యుపన్యాసములు తెలుగు; ఆ పాటలు తెలుగు; 2014 జూన్ 2న రాష్ట్రమును తెచ్చిన నినాదము తెలుగు. ఉద్యమమునకు చాలిన భాష ఉష్ణగతిశాస్త్రమునకు చాలదట! వైద్యవిద్య ప్రవేశపరీక్షను తెలుగున వ్రాయవచ్చును. ప్రవేశించిన మఱునాటినుండి తెలుగు నిషిద్ధము. వాకిటివఱకు అమ్మ రావచ్చును, లోపలికి రారాదన్నట్లున్నది.

ప్రతిపక్షులు రెండు మాటలందురు. తెలుగున పదములు లేవనునది మొదటిది. సంస్కృతము చదివినవారమై యుండియు చెప్పుచున్నాము: పదములు లేకపోవుట కాదు, మోయలేని పదములుండుటయే చిక్కు. 'కిరణజన్యసంయోగక్రియ' యన్నచో మా తరగతిలో నోరు తిరుగక పిల్లలు నవ్వుదురు. ఆకు ఎండతో తన అన్నము తాను వండుకొనునన్నచో వెంటనే ప్రశ్నలడుగుదురు. ఆక్సిజను ఆక్సిజనుగానే ఉండనిండు. వాక్యము తెలుగైన చాలును. జర్మనీలో లైప్జిగు విశ్వవిద్యాలయమున 1687లో క్రిస్టియన్ తొమాసియస్ అను ఆచార్యుడు లాటిను విడిచి జర్మనులో ఉపన్యసింప పూనుకొన్నప్పుడు పండితులు మండిపడిరి. నూఱేండ్లు నిండకమునుపే, 1781లో, కాంటు తన మహాగ్రంథమును జర్మనులో ప్రకటించెను. పదములున్నవని వారు మొదలుపెట్టలేదు. మొదలుపెట్టగా పదములు వచ్చినవి.

రెండవమాట బలమైనది. ఇంగ్లీషు బడులకు తమ బిడ్డలను పంపువారే పేదలకు మాతృభాషను బోధింతురని దళితులు, వెనుకబడినవారు అడుగుచున్నారు. అడుగుట న్యాయము. 2022-23 నుండి సర్కారు బడులలో ఇంగ్లీషుమాధ్యమము దశలవారీగా వచ్చినప్పుడు మా యూరి కూలివారు సంతసించిరి. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. నిందింపవలసినవారు వేఱు. తెలుగు చదివినవానికి పై మెట్టుపై చోటులేకుండ చేసి, అందుచేతనే క్రింది మెట్టున తెలుగు వ్యర్థమని చాటువారు. మార్పు పైనుండి రావలెను, ధనికుల బిడ్డలకును కలిపి రావలెను. పేదవాని బడిలో మాత్రము తెలుగును నిలుపుట దయ కాదు, కాపలా.

మేము కోరునది స్వల్పము. విశ్వవిద్యాలయ ప్రాంగణమునందే అనువాదశాల యొకటి తెఱవవలెను. జీతములిచ్చి శాస్త్రజ్ఞులను, భాషాజ్ఞులను ఒకే బల్లకడ కూర్చుండబెట్టవలెను. మొదటి యేట ప్రతి శాస్త్రపాఠమును ఇంగ్లీషుతోబాటు తెలుగునను చెప్పవలెను. ప్రశ్నకు జవాబు ఏ భాషలో వ్రాసినను దిద్దగల పరీక్షకులుండవలెను. ఇంగ్లీషును, 1918 నాటివలెనే, అందఱికి గట్టిగా నేర్పవలెను. ఆర్ట్సు కళాశాల యెదుట ఛాయాచిత్రము తీయించుకొను గృహస్థులు, బిడ్డను అచ్చట చేర్చునాడు, వసతిగృహపు రుసుముతోపాటు ఈ సంగతిని గూడ కార్యాలయమున విచారింతురు గాక.