నీటి పరీక్ష ఎక్కడ ఆగాలి?

దుబాయి నగరంలోని డేరా ప్రాంతంలో, 1939లో కట్టిన కోట చుట్టూ అల్లుకొన్న పాత వాడ నైఫ్. ఉపాధికై వచ్చిన తెలుగువారెందరికో ఆ వీధులు సుపరిచితాలు. నదులు లేని ఈ నగరానికి 1960 దశకంలో అవీర్ బావుల నీరు ఆధారం. నేడు సముద్రమే ప్రధానాధారం. 1992లో విద్యుత్తు, జల శాఖలను కలిపి ఏర్పరచిన ప్రాధికార సంస్థ, జెబెల్ అలీలో సముద్రజలం నుండి ఉప్పును తొలగించి నగరానికి అందజేస్తోంది.

ఉప్పు తీసిన నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. అట్టి నీటికి గొట్టాల లోహాన్ని కరిగించుకొనే స్వభావం ఉంటుంది. అందుచేత దానికి కొంత ఖనిజాంశాన్ని తిరిగి చేర్చి, ఆమ్లక్షార గుణాన్ని సరిచేసి, క్రిమిసంహారానికి క్లోరిన్ కలుపుతారు. శుద్ధి కేంద్రంలోనూ, ప్రధాన గొట్టాల వెంటనూ ఈ గుణాలను పరీక్షిస్తూ ఉంటారు. అంతవరకు ఆక్షేపించవలసినది లేదు. చిక్కంతా ఆ తరువాతనే.

ప్రధాన గొట్టం నుండి నీరు భవనపు తొట్టెలోనికి, అక్కడి నుండి మిద్దె మీది ట్యాంకులోనికి చేరుతుంది. సరఫరా స్థానం వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాని వేడి పెరిగిన కొద్దీ, నిలువ కాలం పెరిగిన కొద్దీ క్లోరిన్ త్వరగా తరుగుతుంది. గల్ఫ్ వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు మిద్దె మీది ట్యాంకు నీరు ఎంత కాగుతుందో అక్కడ స్నానం చేసినవారికి చెప్పనక్కరలేదు. 25 నుండి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నిలువ నీరు లెజియొనెల్లా అనే సూక్ష్మజీవికి అనువైనది. అది తాగుట కంటె, షవరు నుండి లేచే నీటి తుంపరలను పీల్చుట వలన ఊపిరితిత్తులకు ఎక్కువ ప్రమాదకరం.

కేంద్రంలో మంచిదైన నీరు కుళాయిలోనూ మంచిదేనని భావించుట ఎంత పొరపాటో చరిత్ర చెబుతుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో మురుగు తాగునీటిలో కలిసి పలువురు మరణించారు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో నీటి వనరును మార్చినప్పుడు, గొట్టాల క్షయాన్ని ఆపే రసాయనాన్ని కలపలేదు. ఫలితంగా ఇళ్ళ గొట్టాల్లోని సీసం నీటిలోకి దిగింది. అచ్చట నమూనా తీయుటకు ముందు కొంతసేపు నీరు వదిలివేయుమని సూచించుట వలన, సీసం పరిమాణం అసలుకన్న తక్కువగా కనబడే వీలు కలిగింది.

కనుక నమూనా ఎక్కడ, ఎట్లు తీశారన్నది ఫలితమంత ముఖ్యం. సూక్ష్మజీవుల పరీక్షకు తెచ్చే సీసాలో సోడియం థయోసల్ఫేటు వేయవలసి ఉంటుంది. లేనిచో నీటిలోని క్లోరిన్ దారిలోనే క్రిములను చంపి, చెడ్డ నీటికి మంచి పేరు తెచ్చిపెడుతుంది. వంద మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలి కూడ ఉండరాదన్న నియమం, నమూనా సరిగా తీసినప్పుడే అర్థవంతమవుతుంది.

తాగుటకు సీసా నీరు కొనుక్కొంటున్నారు గదా, ట్యాంకు గురించి ఈ చింత ఎందుకని కొందరనవచ్చు. కాని బియ్యం కడుగుటకు, పళ్ళు తోముకొనుటకు, స్నానానికి వాడేది ఆ నీటినే. పైగా ఇంటికి పంపే ప్రతి దిర్హామును లెక్కచూసుకొనే కార్మికునికి, ఒక గదిలో పలువురితో సర్దుకొనే నైఫ్ నివాసికి, సీసా నీరు ఒక అదనపు పన్ను వంటిది. నిబంధనల మేరకు ట్యాంకును శుభ్రపరచుట అవసరమే. అయితే శుభ్రపరచుట వేరు, పరీక్షించుట వేరు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. ఒక చిన్న మాత్రతో నీటికి వచ్చే గులాబీ రంగును బట్టి మిగిలిన క్లోరిన్‌ను నిమిషాల్లో అంచనా వేయవచ్చు. ఉష్ణోగ్రతకు థర్మామీటరు చాలు. వేసవిలో నెలకొకసారి పై అంతస్తు కుళాయి వద్దనే ఈ రెండూ పరీక్షించి, ట్యాంకు కడిగిన తేదీతో పాటు ఫలితాన్ని భవన ద్వారం వద్ద అద్దెదారులు చదువగల భాషల్లో, తెలుగులో కూడ, అతికించాలి. తెలుగు సంఘాలు సాంస్కృతికోత్సవాలకు చూపే శ్రద్ధలో కొంత ఇటు మళ్ళించి, ఇంటి యజమానులను ఈ వివరాలు అడుగుట అద్దెదారులకు అలవాటు చేయవచ్చు. సముద్రాన్ని మంచినీరుగా మార్చిన శాస్త్రం మిద్దె మెట్ల వద్ద ఆగిపోరాదు. నీటి పరీక్షకు చివరి మజిలీ గ్లాసు నిండే కుళాయే కావాలి.